కోరంటి దవాఖాన బోర్డు మీద ఉన్న పేరు

వేములపల్లి నుంచి గానీ, కోదాడ, సూర్యాపేట వైపు నుంచి గానీ పిల్లాడికి కంఠసర్పి అని అనుమానం వచ్చినా, ధనుర్వాతం పట్టినా, తట్టు ముదిరి జరం దిగకపోయినా పెద్దలు చెప్పే మాట ఒక్కటే. కోరంటికి తీసుకుపొండి. నల్లకుంటలో ఉన్న ఆ దవాఖానను ఫీవర్ హాస్పిటల్ అనే వాళ్లు కొందరు, క్వారంటైన్ అనే ఇంగ్లిష్ మాటను మన నోటికి తిప్పుకుని కోరంటి అనే వాళ్లు ఎందరో. దాని అసలు పేరు మాత్రం బోర్డు మీద పెద్దగా రాసి ఉంటుంది. సర్ రోనాల్డ్ రాస్ ఉష్ణమండల, అంటువ్యాధుల సంస్థ. బిడ్డను ఒడిలో పెట్టుకుని లోపలికి ఉరికే తల్లికి ఆ బోర్డు చదివే తీరిక ఉండదు.

ఆ రాస్ హైదరాబాద్ పరిసరాల్లో తిరిగిన మనిషే. దోమ వల్ల మలేరియా వస్తుందని ప్రపంచానికి తెలిసింది బేగంపేటలో, ఆయన బల్ల మీద. దానికి తన చేయి చాపి దోమలతో కుట్టించుకున్నది హుసేన్ ఖాన్ అనే రోగి.

రోనాల్డ్ రాస్ 1857 మే 13న అల్మోరాలో పుట్టాడు. మీరట్‌లో సిపాయిలు తిరగబడి అప్పటికి మూడు రోజులే. తండ్రి ఇంగ్లిష్ ఫౌజులో అధికారి. పది మంది సంతానంలో రోనాల్డ్ పెద్దవాడు. ఎనిమిదేళ్లకే అతన్ని ఇంగ్లండ్‌లో బంధువుల ఇంటికి పంపేశారు. పిల్లాడికి బొమ్మలు గీయడం, కవిత్వం రాయడం, సంగీతం, లెక్కలు అంటే ప్రాణం. డాక్టరీ అంటే అసలు ఇష్టం లేదు. తండ్రి బలవంతం మీద 1874లో లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో చేరాడు. చదువు అంతంతమాత్రం, ఒక పరీక్ష తప్పాడు, కొన్నాళ్లు ఓడ మీద డాక్టరుగా తిరిగాడు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చాడు. తర్వాత ఏడేళ్లు ఆయన చేసిన పనిలో చెప్పుకోదగ్గది తక్కువ. డ్యూటీ అయ్యాక నవలలు, పద్యాలు, గణితం.

బెంగుళూరులో ఉన్నప్పుడు మాత్రం ఒక సంగతి జరిగింది. బంగళాలో దోమల బెడద ఎక్కువగా ఉంటే వెతికి చూస్తే కిటికీ దగ్గర పెట్టిన నీళ్ల పీపాలో పురుగులు కనబడ్డాయి. నీళ్లు పారబోస్తే దోమలు తగ్గాయి. చిన్న విషయమే, ఇరవై ఏళ్ల తర్వాత ఆయన ఊళ్లకు ఊళ్లలో చేయించింది మళ్లీ ఇదే.

1894లో సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు పరిచయమయ్యాడు. మలేరియా రోగి రక్తంలో సూక్ష్మక్రిమి ఉంటుందని అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టరు 1880లోనే కనిపెట్టాడు. కానీ అది మనిషి నుంచి మనిషికి ఎట్లా పోతుందో ఎవరికీ తెలియదు. చిత్తడి నేలల చెడుగాలి వల్ల జరం వస్తుందనే నమ్మకమే అప్పటికీ బలంగా ఉండేది. మలేరియా అనే మాటకు అర్థమే చెడుగాలి. దోమ ఈ క్రిమిని మోస్తుందేమోనని మాన్సన్ ఊహించాడు. అయితే ఆయన ఊహలో ఒక తప్పు ఉంది. దోమ ఒకసారి కుట్టి, నీళ్లలో పడి చస్తుందనీ, ఆ నీళ్లు తాగిన వాళ్లకు జరం వస్తుందనీ ఆయన అనుకున్నాడు. ఆ సగం నిజం, సగం తప్పు మూటగట్టుకుని రాస్ 1895లో సికింద్రాబాద్ వచ్చాడు.

అప్పటికి హైదరాబాద్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఏలుబడిలో ఉంది. సికింద్రాబాద్ ఇంగ్లిష్ ఫౌజు కంటోన్మెంటు. రాస్ మద్రాసు పటాలానికి డాక్టరు. మొదట అబ్దుల్ ఖాదర్ అనే రోగి మీద దోమలను వదిలాడు. ఆ దోమల్ని కోసి చూస్తే ఏమీ దొరకలేదు. మాన్సన్ మాట ప్రకారం చచ్చిన దోమల నీళ్లు కూడా మనుషులకు తాగించి చూశాడు. లక్ష్మణ్ అనే పనివాడికి జరం వచ్చి తగ్గింది, మిగతా వాళ్లకు ఏమీ కాలేదు. ఈ రోజుల్లో అయితే ఇట్లాంటి ప్రయోగానికి ఏ కమిటీ ఒప్పుకోదు. బీద మనిషి ఒంటిని చిల్లర డబ్బులకు ప్రయోగశాల చేయడం ఆనాటి ఇంగ్లిష్ డాక్టర్లకు తప్పుగా తోచలేదు. రాస్ గొప్పతనం చెప్పేటప్పుడు ఈ మాట దాచిపెట్టడం న్యాయం కాదు.

మధ్యలో బెంగుళూరులో కలరా లేస్తే ఆయన్ని అక్కడికి పంపారు. బావులు, మురుగు కాలువలు, చెత్త, మునిసిపాలిటీ లెక్కలు, గుత్తేదార్లు. రోగం మందుగదిలో కంటే వీధిలోనే ఎక్కువ ఆగుతుందని ఆయనకు అర్థమైంది అక్కడే. తర్వాత నీలగిరి లోయల్లో తిరిగి తానే మలేరియాతో మంచం పట్టాడు. 1897 జూన్‌లో మళ్లీ సికింద్రాబాద్ చేరాడు.

ఆ ఎండాకాలం చివర, బేగంపేటలో, చిన్న గదిలో మైక్రోస్కోపు. పంకా వేసుకుందామంటే కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయి. నుదుటి చెమట పడి మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి, కంటి దగ్గరి అద్దం పగిలింది. రెండేళ్లుగా వందల దోమలను కోశాడు. ఒక్కదానిలోనూ ఏమీ కనబడలేదు. ఆయన కోస్తున్నవన్నీ మలేరియాను మోయని జాతుల దోమలు కాబట్టి కనబడవు. దోమల జాతుల గురించి చదువుకోవడానికి సరైన పుస్తకం కూడా ఆయన దగ్గర లేదు. ఆగస్టు మధ్యలో ఆసుపత్రి మనుషులు ఎక్కడి నుంచో వేరే రకం పురుగులు పట్టి తెచ్చారు. వాటి నుంచి రెక్కల మీద మచ్చలున్న గోధుమ రంగు దోమలు లేచాయి. అవే అనాఫిలిస్.

ఆగస్టు 16న హుసేన్ ఖాన్‌ను పడుకోబెట్టి ఆ దోమలను వదిలారు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా. పది దోమలు కుట్టాయి, పది అణాలు ముట్టాయి. రూపాయికి పదహారు అణాల కాలం. తర్వాత నాలుగు రోజులు రాస్ ఒక్కో దోమను కోస్తూ పోయాడు. కొన్ని తమంతట తామే చచ్చాయి. ఆగస్టు 20 మధ్యాహ్నానికి మిగిలినవి ఒకటో రెండో. విసుగుతోనే కోసిన దోమ కడుపు గోడలో గుండ్రంగా ఒక కణం, దాని లోపల నల్లటి రేణువులు. మలేరియా రోగి రక్తంలో తప్ప మరెక్కడా కనబడని రేణువులు అవి. మరుసటి రోజు చివరి దోమను కోశాడు. అందులోని కణాలు ఇంకా పెద్దవయ్యాయి. అంటే అవి దోమ లోపల పెరుగుతున్నాయి. నీళ్లు తాగడం సంగతి అటుంచి, క్రిమి దోమలోనే బతికి ఎదుగుతోందన్న మాట. ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ సంగతి అచ్చయింది. నేటికీ ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుతున్నారు.

హుసేన్ ఖాన్ పేరు నేటికి మిగలడానికి కారణం కూడా రాసే. తన రాతల్లో కేసు నంబరు వేసి ఊరుకోకుండా పేరు రాశాడు.

సంతోషించే లోపే బదిలీ. సర్కారు ఆయన్ని రాజపుతానాలోని ఖేర్వాడా అనే చోటికి పంపింది. అక్కడ మలేరియా రోగులే అరుదు. కళ్ల ముందు దారి తెరుచుకున్నాక కట్టేసినట్టు అయింది. మాన్సన్ లండన్‌లో పెద్దల కాళ్లావేళ్లా పడి 1898 మొదట్లో ఆయన్ని కలకత్తాకు మార్పించాడు. అక్కడ ఇంకో చిక్కు. ప్లేగు సూదుల పుకార్లతో ఊరు అట్టుడుకుతోంది. వేలు చూపించి రక్తం బొట్టు ఇమ్మంటే జనం పారిపోతున్నారు. దాంతో రాస్ మనుషులను వదిలి పిట్టల మలేరియాను పట్టుకున్నాడు. పిచ్చుకల పంజరాలు, దోమతెరలు, పక్కన మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు. దోమలు పట్టడం, పురుగులు పెంచడం, పిట్టల్ని చూసుకోవడం అన్నీ ఆయన చేతి మీదనే. జూలై నెలలో తేలింది. దోమ కడుపులో పెరిగిన క్రిమి చివరకు దాని లాలాజల గ్రంథులకు చేరుతుంది. కుట్టినప్పుడు ఆ ఉమ్మితో పాటు కొత్త ప్రాణిలోకి దిగుతుంది. ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకలను ఆ దోమలతో కుట్టిస్తే వాటికి రోగం వచ్చింది. అదే ఏడాది చివర ఇటలీలో గ్రాసి, ఆయన తోటివాళ్లు మనుషుల మలేరియా కూడా అనాఫిలిస్ దోమలో ఇదే దారిన నడుస్తుందని చూపించారు. రాస్‌కూ గ్రాసికీ మధ్య నాది ముందంటే నాది ముందని మొదలైన పోట్లాట జీవితాంతం సాగింది. ఇద్దరికీ అది గౌరవం తేలేదు.

1899లో రాస్ ఉద్యోగం వదిలి ఇండియా నుంచి వెళ్లిపోయాడు. లివర్‌పూల్‌లో కొత్తగా పెట్టిన ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరాడు. చాలామంది ఆయన కథను ఇక్కడితో ఆపి, 1902 నోబెల్ బహుమతి చెప్పి ముగిస్తారు. పిల్లలున్న ఇళ్లకు పనికొచ్చే కథ మాత్రం దీని తర్వాతే మొదలవుతుంది. కారణం తెలిసింది, ఇక పిల్లలు చావకుండా ఆపేది ఎట్లా?

మలేరియా పాతుకుపోయిన చోట ఎక్కువగా బలయ్యేది పసివాళ్లే. పెద్దలు ఏళ్ల తరబడి కుట్టించుకుని కొంత తట్టుకునే శక్తి తెచ్చుకుంటారు. అయిదేళ్ల లోపు బిడ్డకు ఆ శక్తి ఉండదు. జర్మన్ శాస్త్రవేత్త కోఖ్ జావాలో చూసింది ఇదే. బయటికి ఊరు ఆరోగ్యంగా ఉన్నట్టుంటుంది, పిల్లల రక్తం చూస్తే క్రిములు నిండి ఉంటాయి. మళ్లీ మళ్లీ చలిజరం వచ్చిన పిల్లాడి కడుపులో ఎడమ పక్కన ప్లీహం గట్టిపడి చేతికి తగులుతుంది. ఊళ్లలో కడుపులో బల్ల పెరిగింది అనేది దీన్నే. ఏ ఊళ్లో ఎంత మలేరియా ఉందో తెలుసుకోవడానికి రాస్ పట్టుకున్న కొలబద్ద ఈ బల్లే. రక్తం తీయక్కర్లేదు, మైక్రోస్కోపు అక్కర్లేదు. పిల్లల్ని వరసగా నిలబెట్టి కడుపు తడిమితే చాలు. ఈ పద్ధతి కూడా మన దేశంలోనే పుట్టింది. 1840లలో ఉత్తరాదిన కాలువల పక్క ఊళ్లలో డెంప్‌స్టర్ అనే డాక్టరు ఇట్లాగే లెక్క తీశాడు.

మొదటి ప్రయత్నం పశ్చిమ ఆఫ్రికాలోని ఫ్రీటౌన్‌లో. 1899లో అక్కడికి వెళ్లి దోమలు వీధి గుంటల్లో, ఇళ్ల ముందు నిలిచిన నీళ్లలో పెరుగుతున్నాయని పట్టుకున్నాడు. తర్వాత గ్లాస్గోకు చెందిన ఒక ధనికుడు ఇచ్చిన డబ్బుతో కూలీలను పెట్టి గుంటలు పూడ్పించాడు, పగిలిన కుండలు, డబ్బాలు బండ్ల కొద్దీ ఎత్తించాడు. డబ్బు ఉన్నంత కాలం పని సాగింది. ఆగిపోగానే వాన గుంటలు మళ్లీ తయారు.

ఈజిప్టులోని ఇస్మాయిలియాలో కథ వేరే. సూయజ్ కాలువ కంపెనీ కట్టించిన చిన్న పట్నం అది. తాగునీటి కోసం నైలు నది నుంచి మంచినీటి కాలువ తెచ్చాక 1877 నుంచి జరాలు మొదలయ్యాయి. నీళ్లు వచ్చాయని సంతోషిస్తే నీళ్లతో పాటు రోగమూ వచ్చింది. 1900లో 2 వేలకు పైగా కేసులు. ఊళ్లో ఉన్నది కొన్ని వేల మంది. 1902 సెప్టెంబరులో కంపెనీ పిలిస్తే రాస్ వెళ్లి వీధి వీధి తిరిగాడు. చేయాల్సినవి చెప్పాడు. ఊరి పక్క చిత్తడి పూడ్చాలి, పొలాలకు పోయే కాలువలు నీళ్లు ఆగకుండా పారేట్టు సరిచేయాలి, ప్రతి ఇంటి కింద ఉన్న మురుగు గుంటలో వారం వారం కిరసనాయిలు పోయాలి. వారమే ఎందుకంటే గుడ్డు దోమగా మారడానికి ఇంచుమించు అంత సమయం పడుతుంది. అందుకు పెద్ద దండు కూడా అక్కర్లేదు. కొద్దిమంది మనుషులు, తెడ్లు, నూనె డబ్బాలు, తప్పకుండా వారానికోసారి తిరగడం. 1903లో కేసులు 214. 1904లో 90. 1905లో 37.

ఈ అంకెల వెనక ఒక తేడా ఉంది, అది గమనించాలి. ఇస్మాయిలియాలో ఖర్చు పెట్టే కంపెనీ ఉంది, కూలీ మానకుండా చూసే అజమాయిషీ ఉంది. ఫ్రీటౌన్‌లో అవి లేవు. ఇండియాలో లాహోర్ పక్కన మియాన్ మీర్ కంటోన్మెంటులో ఆ రోజుల్లోనే దోమల నిర్మూలన చేసి చూసి, లాభం లేదని డాక్టర్లు తేల్చారు. చుట్టూ సాగు కాలువలు ఉన్న చోట కొద్ది డబ్బుతో, కొద్ది కాలంలో చేసి వదిలేశారని రాస్ మండిపడ్డాడు. సర్కారు వినలేదు. ఊరంతా కాలువలు శుభ్రం చేయడం కంటే క్వినైన్ గోళీలు పంచడం చవక అనిపించింది వాళ్లకు. రాస్ నోరు కూడా మంచిది కాదు. ఎదుటి వాడు అధికారి అయినా, స్నేహితుడు అయినా పత్రికల్లో దులిపేసేవాడు. ఎన్నో తలుపులు ఆయన మాట తీరు వల్లనే మూసుకున్నాయి.

1907 నవంబరులో మారిషస్ వెళ్లాడు. ఈ ప్రయాణం తెలుగువాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. చెరకు తోటల్లో పని చేయడానికి కాంట్రాక్టు మీద ఓడలెక్కి వెళ్లిన వాళ్లలో కోరంగి రేవు పేరుతో కోరింగీలని పిలిపించుకున్న తెలుగువాళ్లున్నారు, బిహారీలున్నారు, తమిళులున్నారు, ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి. 1860లలో ఆ దీవిలో మలేరియా దిగి వేల ఇళ్లు ఖాళీ చేసింది. ఆ తర్వాత అక్కడే కాపురం పెట్టింది. రాస్, ఆయనతో ఉన్న వాళ్లు మూడు నెలలు బడులు, తోటలు, కూలీ లైన్లు తిరిగి పిల్లల కడుపులు చూశారు. సుమారు 31 వేల మంది పిల్లలు. అందులో మూడో వంతుకు బల్ల పెరిగి ఉంది. కొన్ని తోటల్లో దాదాపు అందరికీ, గాలి చల్లగా ఉండే ఎత్తు ప్రాంతాల్లో చాలా తక్కువ మందికి. ఊరుకు ఊరుకు తేడా కాగితం మీద కనబడేసరికి ఎక్కడ వాగులోని బండలు తీయాలో, ఎక్కడ మడుగు పూడ్చాలో తేలిపోయింది.

ఆ పని చేస్తూనే ఆయనలోని పాత లెక్కల పిచ్చి నిద్ర లేచింది. ఊళ్లో దోమ ఒక్కటి కూడా మిగలకుండా చంపడం ఎవరి వల్లా కాదు, కాబట్టి ఈ పనంతా దండగ అని విమర్శించే వాళ్లకు ఆయన గణితంతో జవాబిచ్చాడు. ఒక రోగిని కుట్టిన దోమ పది పన్నెండు రోజులు బతికి, మళ్లీ మనిషినే కుట్టాలి. అట్లా బతికేవి కొన్నే. మనిషికి ఇన్ని దోమలు అనే లెక్క ఒక హద్దు కంటే తగ్గితే, పాత రోగులు కోలుకునే వేగం కొత్త రోగులు పుట్టే వేగాన్ని మించుతుంది. రోగం దానంతట అది ఆరిపోతుంది. అన్ని దోమలూ పోనక్కర్లేదు, తగినన్ని పోతే చాలు. అంటురోగాల గురించి ఇప్పుడు ప్రపంచమంతా వేసే లెక్కలకు ఇది పునాదుల్లో ఒకటి. కరోనా రోజుల్లో ఒక్కరి నుంచి ఎంతమందికి అంటుతుందని టీవీల్లో చెప్పిన అంకె కూడా ఇదే ఆలోచన కొమ్మ.

1910లో మలేరియా నివారణ మీద పెద్ద పుస్తకం వేశాడు. 1911లో సర్ బిరుదు వచ్చింది. 1914 ఆగస్టులో, యుద్ధం మొదలైన నెలలోనే, పెద్ద కొడుకు ఫ్రాన్సులో చనిపోయాడు. సికింద్రాబాద్ వచ్చిన ఏడాదే పుట్టిన బిడ్డ అతడు. ఊరి పిల్లల కడుపులు తడిమి లెక్కలు రాసిన తండ్రికి ఆ తర్వాత చిరచిర ఇంకా పెరిగింది. తాను చేసిన మేలుకు ఇంగ్లండ్ సర్కారు డబ్బు ఇవ్వాలని ఏళ్ల తరబడి అర్జీలు పెట్టాడు. మశూచి టీకా కనిపెట్టిన జెన్నర్‌కు పార్లమెంటు ఇచ్చింది కదా అని ఆయన వాదన. ఇవ్వలేదు. 1928లో తన కాగితాలు, ఉత్తరాలు అమ్ముకున్నాడు. అంతకు రెండేళ్ల ముందు లండన్‌లో ఆయన పేరుతో రాస్ ఇన్‌స్టిట్యూట్ తెరిచారు. 1927లో చివరిసారి ఇండియా వచ్చినప్పుడు కలకత్తాలో తాను పని చేసిన ఆసుపత్రి దగ్గర స్మారక ద్వారం కట్టి చూపించారు. 1931లో భార్య పోయింది. 1932 సెప్టెంబరు 16న, 75 ఏళ్ల వయసులో, లండన్‌లో రాస్ కన్నుమూశాడు.

ఆయన పోయాక దేశం డీడీటీ మీద భరోసా పెట్టుకుంది. 1953లో జాతీయ మలేరియా కార్యక్రమం మొదలైంది, 1960లలో రోగం దాదాపు మాయమైంది, పిచికారీ మందగించి, దోమలు మందుకు అలవాటుపడేసరికి 1976లో దేశంలో కేసులు 64 లక్షలు దాటాయి. మారిషస్ 1973లో మలేరియా లేని దేశంగా గుర్తింపు పొందింది, 1975లో తుఫాను తర్వాత రోగం తిరిగి దిగింది, 1998కి మళ్లీ తరిమేశారు. ఇప్పటికీ బయటి నుంచి వచ్చే ప్రయాణికులను కనిపెట్టి చూస్తూనే ఉన్నారు.

సాగర్ ఎడమ కాలువ నీళ్లు వచ్చాక మిర్యాలగూడ, వేములపల్లి వైపు పొలాలు వరితో పచ్చబడ్డాయి. ఇస్మాయిలియాకు మంచినీటి కాలువ వచ్చినట్టే. అనాఫిలిస్‌లో ఒక జాతికి కాలువల అంచున, వరి మళ్లలో నిలిచే తేట నీళ్లే ఇష్టం. డెంగీ మోసే దోమ దానికి చుట్టమే గానీ ఇంట్లో ఉంటుంది. కూలరు అడుగున, వజూ కోసం నింపి మూత పెట్టని హౌజులో, మేడ మీద టైరులో. వారానికోసారి పారబోయడం అన్న రాస్ లెక్క దానికీ వర్తిస్తుంది.

బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గర ఆయన దోమను కోసిన భవనం ఇంకా నిలబడి ఉంది. ఉస్మానియా యూనివర్సిటీ చేతిలో ఉంది, 1997లో నూరేళ్ల సందర్భంగా బాగు చేశారు. నల్లకుంటలో మాత్రం వానాకాలం వచ్చిందంటే ఓపీ చీటీల కోసం వరస పొద్దున్నే మొదలవుతుంది. ఎక్కువమంది చేతుల్లో చిన్న పిల్లలే.